నరకానికి నీళ్ళ క్యాన్

కామేశ్వరి ఇంట్లో నిన్నమొన్నటిదాకా రక్షణ పొందిన ప్రాణాలు రెండే. ఒకటి కామేశ్వరి, రెండోది మందార మొక్క.

మొక్క సంగతి ముందు చెప్పి తీరాలి. రోజూ పొద్దున్నే కామేశ్వరి గ్లాసుడు నీళ్ళు రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ ప్రార్థన చేసి, డ్యూటీకి బయల్దేరే మొగుడి చేతికిస్తుంది. వీర్రాజు మహా మర్యాదస్తుడు. "ఆయ్, అలాగే" అని అందుకుంటాడు. గుమ్మం దాటగానే కుండీలో పోసేసి, గ్లాసు గట్టు మీద పెట్టి వెళ్ళిపోతాడు. మొక్క మాత్రం ఇంటికప్పు రేకులు దాటి పైకి పాకింది. పువ్వులు అరచేయంతేసి. వీధిలో వాళ్ళు ఏం ఎరువు వేస్తున్నారమ్మా అని అడిగి పోతుంటారు.

"నా ప్రార్థనకి శక్తి లేదంటారా? ఆ మొక్కని చూడండి!" అని కామేశ్వరి ఒకరోజు నిలదీసింది.

"చూసే భయపడుతున్నానే. తాగితే నాకూ పువ్వులు పూస్తాయేమోనని!"

చెప్పొద్దూ, వీర్రాజు చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే కామేశ్వరికి ఇంత బెంగ ఉండేది కాదు. గోదావరి జిల్లా నుంచి స్టీల్‌ప్లాంట్ ఉద్యోగానికొచ్చి, బ్లాస్ట్ ఫర్నేస్ ముందు ఒళ్ళు మాడ్చుకుంటూ, మల్కాపురంలో అద్దింట్లో కాపురం పెట్టాడు. పెళ్ళాం వీధి చివర చర్చికి వెళ్ళడం మొదలెడితే వద్దనలేదు. ఆవిడ సముద్రంలో బాప్తిస్మం తీసుకున్ననాడు ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడ్డది ఆయనే. చర్చిలో ఫ్యాన్ తిరగకపోతే నిచ్చెన ఎక్కేదీ ఆయనే, చందనోత్సవానికి సింహాచలం క్యూలో గంటలు గంటలు నిలబడేదీ ఆయనే. "నాకు ఎవరితోనూ గొడవల్లేవు" అంటాడు. దేవుడి దగ్గర ఆ మాట చెల్లదయ్యా మగడా అని ఎంత మొత్తుకున్నా నవ్వేస్తాడు.

ఇలా ఉండగా చర్చికి కొత్త అయ్యగారొచ్చారు. వయసులో చిన్నాయన, మాట మెత్తన. ప్రసంగం మాత్రం మెత్తన కాదు. వచ్చిన మొదటి ఆదివారమే నరకం ఎత్తుకున్నారు. ఆరని అగ్ని, ఆరని అగ్ని అంటూ కిటికీ వైపు చెయ్యి చాచారు. అక్కడ రిఫైనరీ గొట్టం మీద మంట రెపరెపలాడుతోంది. ఇంకో ఊళ్ళో అయితే జనం వణికిపోయేవారు గానీ, మల్కాపురం వాళ్ళకి ఆరని మంట కొత్తా ఏవన్నానా? దాన్ని చూపించే పిల్లలకి అన్నం పెడతారు. అందరూ ఓసారి అటు చూసి, ఆఁ, వెలుగుతోంది అనుకుని ఇటు తిరిగారు. కామేశ్వరి ఒక్కతే తిరగలేకపోయింది. ఆ మంటలో ఆవిడకి వీర్రాజు కనిపించాడు, లుంగీ బనీనుతో సహా.

ఆరాధన అయ్యాక అయ్యగారిని పట్టుకుంది.

"దేవుడు ప్రేమే కదండీ?"

"ప్రేమేనమ్మా."

"మరి నరకం దేనికండీ?"

"ఆ ప్రేమని కాదన్నవాళ్ళకమ్మా. మెడ పట్టి లాక్కెళ్తే అది ప్రేమెలా అవుతుంది?"

"మా ఆయన ప్రేమని కాదనలేదండీ. నీళ్ళు కాదన్నాడు, అంతే."

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కామేశ్వరి వదల్లేదు. "రేప్పొద్దున నేను పరలోకంలో ఉంటాను, ఆయన అక్కడ కాలుతూ ఉంటాడు. నాకు ముద్ద ఎలా దిగుతుందో చెప్పండి."

"అక్కడ ఏడుపుండదమ్మా. ఇక్కడి సంగతులు గుర్తుండవు."

"ఆయన్ని మర్చిపోతానా?"

"అలాగే అనుకోవాలి."

"అయితే అక్కడికెళ్ళేది నేను కాదండి. ఎవత్తో నా చీర కట్టుకుని వెళ్తోంది!"

పాపం, ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "ఆ మాటలు చెప్పడం నాకు సరదా అనుకున్నారా కామేశ్వరమ్మా? చెప్పకపోతే మోసం చేసినట్టని చెబుతున్నాను" అన్నారు. తర్వాత ఆయనే ఉపాయం చెప్పారు. పండక్కి ముందు చర్చిలో చేసుకునే సెమీ క్రిస్మస్‌కి నాటకం వేయిద్దాం. కామేశ్వరే రాయాలి. వీర్రాజు పాపాత్ముడి వేషం కట్టి, మంటల్లో నిలబడి దాహం దాహమని కేకలు పెడితే మనసు కరక్కపోదు. కొత్త సంవత్సరంలో మొదటి ఆదివారమే సముద్రంలో బాప్తిస్మాలు. ఆ రోజు వీర్రాజు నీళ్ళలో దిగాడా, ఈ బెంగ జన్మలో ఉండదు.

కామేశ్వరి వారంలో నాటకం రాసి పారేసింది. ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ళు. ఒకడు పరలోకానికి పోతాడు, ఒకడు నరకానికి. మధ్యలో అగాధం. నరకంలోవాడు గుక్కెడు నీళ్ళు అడుగుతాడు. పరలోకంలోవాడు లేచి, "సమయం మించిపోయింది మిత్రమా, ఈ అగాధం దాటరానిది" అంటాడు. తెర. వెంటనే అయ్యగారు మైకు అందుకుని, బాప్తిస్మానికి సిద్ధపడేవాళ్ళు ముందుకు రండని పిలుస్తారు.

"ప్రేమవిందుంటుందా?" అని ఒక్కటే అడిగాడు వీర్రాజు.

"నాటకం అవ్వగానే. చికెన్ బిర్యానీ."

"అయితే నరకమైనా రెడీ."

మొదటి రిహార్సల్లో నల్ల గొంగళి కప్పుకుని రెండు ఖాళీ డ్రమ్ముల మధ్య నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. "దాహం..." అన్నాడో లేదో, కామేశ్వరి చేతులూపుతూ పరిగెత్తుకొచ్చింది.

"ఆపండి! దిగండి అక్కణ్ణించి! చప్పున దిగండి!"

అందరికీ ఏం చెప్పిందంటే, ఈయన పొడుగండీ, నరకంలో పట్టట్లేదు, పరలోకమైతే పై మెట్టు మీద ఉంటుంది కాబట్టి నప్పుతుంది అని చెప్పింది. అసలు సంగతి మనకి తెలుసు. నాటకంలోనైనా సరే మొగుణ్ణి నరకంలో చూడలేకపోయింది. అయ్యగారి ఉపాయం అక్కడే సగం చచ్చిందని ఆవిడకీ తెలుసు, అయినా మనసొప్పలేదు.

మరి నరకానికి ఎవరు? చర్చిలో మగాళ్ళంతా అయితే పాటల గుంపులో ఉన్నారు, కాకపోతే షిఫ్టుల్లో ఉన్నారు. అప్పుడు దొరికాడు నాగబాబు. సముద్రం మీద చేపలు పట్టే మనిషి. పెళ్ళాం సీతాలు వీధివీధీ తిరిగి చేపలమ్ముతుంది. వాళ్ళిద్దరూ కొలిచేది గంగమ్మ తల్లిని. వీర్రాజూ అతనూ బావా అంటే బావా అనుకునే దోస్తులు.

"డైలాగులెవుడికి ఎక్కువున్నాయేటి?" అన్నాడు నాగబాబు ముందుగా.

"నరకంలో ఉన్నవాడికే."

"అయితే ఆ పరలోకం మీరే ఉంచీసుకోండి. నాను నరకంలోనే ఉంతాను."

అలా మల్కాపురం చర్చి నాటకంలో పరలోకానికీ నరకానికీ కూడా బయటివాళ్ళే గతయ్యారు. అయ్యగారు ఒక నిట్టూర్పు విడిచి, ప్రభువు చిత్తం అన్నారు.

అగాధం కూడా నాగబాబే తెచ్చాడు. ఇంట్లో ఉన్న పాత వల. పరలోకానికీ నరకానికీ మధ్య స్టేజీ మీద పరిస్తే, నీలం లైటు పడి నిజంగానే లోతుగా కనిపించింది. కాకపోతే ఒక షరతు పెట్టాడు. "బావా, వల మీద కాలెయ్యకూడదు. తొక్కితే గంగమ్మకి కోపం. సేపలు పడవు. ఒట్టెయ్యి." వీర్రాజు తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు. దాటరాని అగాధమంటే మరి అలా ఉండాలి!

నరకం తయారీ వీర్రాజు నెత్తిన వేసుకున్నాడు. కుర్రాళ్ళు ఎర్ర కాగితాలు అంటిస్తుంటే చూసి ఒళ్ళు మండింది. "ఇది నరకమా? అగరొత్తుల కట్టలా ఉంది. తప్పుకోండి, నేను రోజూ చూసేవాణ్ణి" అని హాలోజన్ లైట్లు తెచ్చి డ్రమ్ముల్లో బిగించాడు, వెనక టేబుల్ ఫ్యాన్ పెట్టి నారింజరంగు గుడ్డలు ఎగరేశాడు. చూస్తే చెమటలు పట్టాయి అందరికీ.

అంతా బాగానే ఉంది. ఒక్కటే తిప్పలు. రిహార్సల్లో నాగబాబు నీళ్ళు అన్నప్పుడల్లా పరలోకంలో కూర్చున్న వీర్రాజు ఉలిక్కిపడి సగం లేచేవాడు.

"కూర్చోండి! మీరు పరిశుద్ధుడండీ, కదలకూడదు!"

"అలవాటే. ఫర్నేస్ ముందు ఇనుము దిగేటప్పుడు వంతులవారీగా వేడిలోకి వెళ్తాం. ముందున్నోడు నీళ్ళు అని అరిచాడంటే, దగ్గర్లో ఎవడుంటే వాడు పరిగెత్తాలి. ఆఫీసరైనా అంతే. ఎవడి వంతు, ఎవడి తప్పు అని అడగడం ఉండదు. కాళ్ళు కదిలాక బుర్ర కదులుతుంది."

కామేశ్వరి తెలివిగా నాగబాబుని చిన్నగా గొణగమంది. లైట్లు కూడా ఆరోజుకే అని దాచి ఉంచింది. తెలివి ఎక్కువైతే ఏమవుతుందో ఇదిగో ఇప్పుడు చూడండి.

సెమీ క్రిస్మస్ ఆదివారం మధ్యాహ్నం పెట్టుకున్నారు. షామియానా కింద జనం కిటకిట. వెనక డేగిసాల నుంచి బిర్యానీ ఘుమఘుమలు వచ్చి పరలోకం మీదుగా పోతున్నాయి. నీడ అటుందని విందు కోసం తెచ్చిన నీళ్ళ క్యాన్లు కూడా పరలోకం పక్కనే వరసగా పెట్టారు. వీర్రాజు తెల్ల పంచె, తెల్ల శాలువా, వీపున అట్టముక్క రెక్కలు, గుండె మీద మైకు. పరిశుద్ధుడికి రెక్కలెందుకంటే పిల్లలు చేశారని కట్టుకున్నాడు. కామేశ్వరి తెర పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది. ముందు వరసలో అయ్యగారు, పక్కన చర్చికి పెద్దదిక్కు చిట్టమ్మ.

తెర లేచింది. హాలోజన్ లైట్లు ఒక్కసారి భగ్గుమన్నాయి. జనం ఓలమ్మో అన్నారు. నాగబాబు విజృంభించాడు. రాసినవి పన్నెండు డైలాగులైతే ఇరవై చెప్పాడు. గొంగళి, లోపల చొక్కా, పైన లైట్లు, వెనకనుంచి ఫ్యాను కొట్టే వేడిగాలి. అరగంటకి మనిషి తడిసి ముద్దయ్యాడు. కళ్ళు తిరిగాయి. అప్పుడు వచ్చింది అసలు డైలాగు. రాసిందేమిటంటే, "ఓ మిత్రమా, ఒక్క చుక్క నీరు దయచేయుమా." నాగబాబు నోట్లోంచి వచ్చిందేమిటంటే:

"ఓరి బావోయ్! నీల్లురా! మాడి సచ్చిపోతన్నాను, నీల్లు బేగి తే!"

అంతే. పరలోకం ఖాళీ!

వీర్రాజు ఎప్పుడు లేచాడో, ఇరవై లీటర్ల క్యాన్ ఎప్పుడు భుజానికెత్తాడో ఎవరూ చూడలేదు. చూసేసరికి అగాధం మధ్యలో ఉన్నాడు.

"బావా, వల తొక్కకు!" అని నరకంలోంచి కేక.

"తప్పుకో!" అని అగాధంలోంచి కేక.

వల కాలికి చుట్టుకుంది. ఒక రెక్క ఊడి అయ్యగారి ఒళ్ళో పడింది. వీర్రాజు వలతో సహా, క్యాన్‌తో సహా, మిగిలిన రెక్కతో సహా వెళ్ళి నరకంలో బోర్లా పడ్డాడు. టేబుల్ ఫ్యాన్ ఒక మూలకి ఎగిరింది. ఎవరో పుణ్యాత్ముడు మెయిన్ ఆఫ్ చేశాడు. నరకం ఆరిపోయింది.

పడ్డవాడు పడ్డట్టే క్యాన్ మూత పీకి నాగబాబు నోటికి పెట్టాడు. ఇప్పుడు చూడాలి నాగబాబుని! పళ్ళు బిగించుకుని తల అడ్డంగా ఊపుతున్నాడు.

"ఒద్దు బావా! నాను తాగకూడదు! నాటకంలో నేదు!"

"నోరు తెరవరా దరిద్రుడా!"

"నేదంతే నేదు! పాపాత్ముడికి నీల్లివ్వరు, అక్క రాసింది!"

"నీ దుంపతెగ, తాగరా!"

"నీల్లొద్దు, డైలాగు సెప్పు బావా! సమయం మించిపోయిందను!"

వీర్రాజు ముక్కు పట్టుకుని పోసేశాడు. సగం నోట్లో, సగం గొంగళి మీద. గుక్క లోపలికి దిగాక మాత్రం నాగబాబు రెండు చేతులా క్యాన్ లాక్కుని గటగటా తాగాడు. షామియానా అంతా చప్పట్లు, ఈలలు. ఇదంతా నాటకంలోదే అనుకున్నారు పాపం. దేవదూతల వేషాల్లో ఉన్న పిల్లలు కూడా ఊరుకోలేక గ్లాసులు పట్టుకుని వల మీంచి గెంతుకుంటూ నరకంలోకి వెళ్ళిపోయారు. పరలోకంలో థర్మోకోల్ మేఘాలు తప్ప ఒక్క పురుగు మిగల్లేదు.

కామేశ్వరి స్టేజీ మీదికి పరిగెత్తింది. కోపం తన్నుకొస్తోంది. నాటకం సర్వనాశనం, అయ్యగారి పిలుపు సర్వనాశనం, సముద్రం సర్వనాశనం. వల విప్పుదామని కూర్చుని మొగుడి కాళ్ళు పట్టుకుంది.

"ఏవండీ, ఎందుకు దూకారు?"

వీర్రాజు గుండె మీద మైకు ఇంకా బతికే ఉంది. ఇద్దరి మాటలూ స్పీకర్లలోంచి రోడ్డు దాకా వినిపించాయి.

"వాడు నీళ్ళన్నాడే."

"వాడు పాపాత్ముడండీ! నరకంలో ఉన్నాడు!"

"అందుకేగా! అక్కడేగా వేడి!"

కామేశ్వరి చేతిలో వల ఆగిపోయింది. మొగుడి మొహం చూసింది. నుదుటి మీద డ్రమ్ము మసి, గడ్డం మీద నీళ్ళు, ఇంత చేసి ఏం తప్పు చేశానన్నట్టు అమాయకపు చూపు. నవ్వు మొదలైంది ఆవిడకి. ముందు ముక్కులోంచి, తర్వాత కడుపులోంచి. నవ్వుతుంటే కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. ఎన్నాళ్ళ బెంగో అలా కారిపోతోంది. అయ్యగారు ఒళ్ళో పడ్డ రెక్క పట్టుకుని స్టేజీ ఎక్కి వచ్చేసరికి ఆవిడ ఊపిరి తీసుకోలేకపోతోంది.

"అయ్యగారూ! ఈయనకి బాప్తిస్మం లేదు. ప్రార్థన నీళ్ళు మొక్కకి పోసే మనిషి. ఒకడు దాహమంటే ఒక్క క్షణం పరలోకంలో కూర్చోలేకపోయాడు. ఈయన్ని చేసినాయన కూర్చుంటాడంటారా?"

"అగాధం ఉంది కదమ్మా" అన్నారు అయ్యగారు, గొంతులో బలం లేకుండా.

"ఉంది. మనకుంది. ఆయనకుందా? ప్రతి ఆదివారం లేచి నిలబడి విశ్వాస ప్రమాణం చెబుతాం. ప్రభువు సిలువ మీద చనిపోయి, సమాధి అయి, ఎక్కడికి దిగాడని చెబుతాం?"

అందరికీ నోటికి వచ్చిన మాటే. నోటికి వచ్చేసింది కాబట్టే ఇన్నేళ్ళూ చెవికెక్కలేదు. చిట్టమ్మ ముందు వరసలోంచి గట్టిగా అరిచింది.

"సచ్చినోల్ల కాడికి!"

"మరి అక్కడికి ఉత్తచేతుల్తో వెళ్ళుంటాడా అయ్యగారూ?"

అయ్యగారు కళ్ళజోడు తీశారు, తుడవడం మర్చిపోయారు. "అయితే నరకం లేదంటారా?" అన్నారు. ఆ అడగడంలో గద్దింపు లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగారు.

"ఎందుకు లేదండీ, ఇప్పుడేగా చూశాం. నీళ్ళు పెదాల దాకా వచ్చినా, తాగనంటే తాగనని పళ్ళు బిగించాడు చూడండి వీడు. అదే."

నాగబాబుకి రోషం వచ్చింది. "ఆఖర్ని తాగేను కదక్కా! సగం క్యాను తాగేను!"

జనం గొల్లుమన్నారు. అయ్యగారికి కూడా నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని నరకం డ్రమ్ము మీద కూలబడి, వేడికి కెవ్వున లేచి, మళ్ళీ నవ్వారు. చివరికి మైకు అందుకున్నారు. బాప్తిస్మానికి రండని పిలవాల్సిన ఘట్టం అది. అందరూ ఆయన వైపే చూస్తున్నారు.

"ప్రేమవిందు సిద్ధంగా ఉంది" అన్నారు. "అందరూ రండి. మొదటి ఆకు పాపాత్ముడికి వెయ్యండి."

నాగబాబు ఆ పూట తిన్న తిండి గురించి రాస్తే ఇంకో కథ అవుతుంది. వల చిరిగిందని ఏడుస్తూనే మూడుసార్లు వడ్డించుకున్నాడు.

మర్నాడు పొద్దున్న వీర్రాజుకి డ్యూటీ. కామేశ్వరి మామూలుగా గ్లాసు పట్టుకుని ప్రార్థన చేసి ఇచ్చింది. "ఆయ్, అలాగే" అన్నాడు. గుమ్మం దాటాడు. రోజూ అయితే ఆవిడ కిటికీలోంచి చూసి తిట్టుకునేది. ఇవాళ చూడలేదు. పొయ్యి దగ్గరికి వెళ్ళి ఉప్మాలో గరిట తిప్పుతోంది, కూనిరాగం తీస్తూ. అది వీర్రాజుకి వింతగా ఉండి, గ్లాసుతో వెనక్కి వచ్చాడు.

"ఏంటే, తిట్టవేం?"

"మీ ఇష్టం. నాకింక భయం లేదు. మీరు ఎక్కడికి పోయినా ఆయన మీకంటే ముందే అక్కడికి దిగి ఉంటాడు, నీళ్ళు పట్టుకుని." గరిట ఆపి మొగుడి వైపు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి, మొహమంతా నవ్వు. "ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అక్కడ కుండీలో పొయ్యడానికి మందార మొక్కలుండవు. ఇచ్చినప్పుడు తాగండి."

వీర్రాజు పకపకా నవ్వాడు. నవ్వుతూ గుమ్మంలోకి వెళ్ళాడు. మొక్క ముందు నిలబడ్డాడు. కాసేపు గ్లాసు వైపు చూశాడు, పువ్వుల వైపు చూశాడు. తలెత్తి గటగటా తాగేశాడు, ఒక్క చుక్క మిగల్చకుండా. మూతి తుడుచుకుని ఖాళీ గ్లాసు లోపలికి చాచాడు.

"ఇంకో గ్లాసు ఇయ్యవే," అన్నాడు, "మొక్కకి."